విట్బీలో మూడు వారాలు, అమ్మానాన్నలతో: తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మేం లీడ్స్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. ఆగస్టులో అందరం యార్క్‌షైర్ సముద్రతీరంలోని విట్బీ అనే ఊళ్లో మూడు వారాలు ఉంటాం.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. కొండమీది పాత మఠానికి 199 మెట్లు. కారులో పైకి వెళ్తే పార్కింగ్ నుంచి ఎంత నడవాలి?

అసలు టెన్షన్ తిండి గురించే. యార్క్‌షైర్‌లో చాలాచోట్ల చిప్స్ (లావుపాటి బంగాళాదుంప ముక్కలు) గొడ్డు కొవ్వులో వేయిస్తారు. పోయినసారి స్కార్బరోలో అమ్మ ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే బోర్డు చూసి చెయ్యి పట్టుకుని ఆపాను. పాపం, రాత్రిదాకా ఏమీ ముట్టలేదు. విట్బీలో నూనెతోనే వేయించే షాపు ఉందా? పప్పు, చింతపండు ఎలాగూ మోసుకెళ్తాం.

నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పికరింగ్ వెళ్లే ఆవిరి రైలు ఎక్కించాలని నా కోరిక. ఎటువైపు కూర్చుంటే బాగా కనిపిస్తుంది?