నెలసరి 22 రోజులకే వస్తుంటే ఎఫ్‌ఈటీకి (ఫ్రీజ్ చేసిన పిండం బదిలీకి) రోజులు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. నా వయసు 36. రెండేళ్లుగా నెలసరి 21, 22 రోజులకే వస్తోంది. ఐవీఎఫ్‌లో వచ్చిన మూడు బ్లాస్టోసిస్టులను (ఐదారు రోజుల పిండాలను) ఫ్రీజ్ చేసి ఉంచారు. మొదటి ఎఫ్‌ఈటీ కోసం నెలసరి మూడో రోజున ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెట్టాను. తొమ్మిదో రోజు స్కానింగ్‌లో 17 మిల్లీమీటర్ల ఫోలికిల్ (అండం పెరిగే సంచి) కనిపించడం, రక్తపరీక్షలో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యే సమయంలో పెరిగే హార్మోన్) అప్పటికే పెరిగి ఉండడం వల్ల ఆ సైకిల్‌ను రద్దు చేశారు. ఈసారి ముందు నెల 21వ రోజున సొంతంగా అండం విడుదల కాకుండా ఆపే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. ఆ రోజుకు నాకు నెలసరి వచ్చేసే అవకాశం ఉంది కదా! ఇంత తక్కువ రోజుల్లో గర్భాశయ పొర ఎదుగుతుందా అన్న భయం కూడా వెంటాడుతోంది.

మొదటి సమాధానం:
నేను సంతాన సాఫల్య విభాగంలో నర్సుగా పనిచేశాను. మీ సందేహం సరైనదే. 21వ రోజు అన్నది 28 రోజుల నెలసరిని దృష్టిలో పెట్టుకున్న లెక్క, అంటే 14వ రోజున అండం విడుదలై వారం గడిచిన సమయం. అండం విడుదలయ్యాక నెలసరి వచ్చేవరకు పట్టే వ్యవధి చాలామందిలో 12 నుంచి 14 రోజులే ఉంటుంది, తగ్గేది సాధారణంగా దానికి ముందున్న భాగం. కాబట్టి మీకు అండం 8 నుంచి 10వ రోజు మధ్య విడుదలవుతుండవచ్చు, ఇంజెక్షన్ రోజు 15 నుంచి 17 మధ్యకు రావాలి. ఊహతో కాక, ఎల్‌హెచ్ స్ట్రిప్‌తోనో (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను మూత్రంలో చూపేది) రక్తపరీక్షతోనో అండం విడుదలైన రోజును నిర్ధారించుకుని, అక్కడినుంచి వారం లెక్కించమని అడగండి.

అండాల నిల్వ తగ్గేకొద్దీ ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫోలికిల్‌ను పెంచే హార్మోన్) ముందు నెల చివర్లోనే పెరిగి, రక్తస్రావం మొదలయ్యేసరికే ఒక ఫోలికిల్ ముందుకు వెళ్లిపోవచ్చు. మూడో రోజున మాత్రలు మొదలుపెట్టినా మీకు ఆలస్యమైపోయింది బహుశా అందుకే. పొర గురించి మాత్రం దిగులుపడకండి. మందులతో చేసే సైకిల్‌లో ఈస్ట్రోజెన్ సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఇస్తారు, అవసరమైతే పొడిగిస్తారు. పొర సుమారు 7 మిల్లీమీటర్లకు చేరాక ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టి, ఆరో రోజున బ్లాస్టోసిస్టును బదిలీ చేస్తారు. అందులో మీ సొంత నెలసరి నిడివికి పాత్ర లేదు.

రెండో సమాధానం:
నాది 23 రోజుల నెలసరి. నేను సహజ సైకిల్‌లో, అంటే ఈస్ట్రోజెన్ మాత్రలు లేకుండా సొంతంగా అండం విడుదలయ్యే రోజును బట్టి, చేయించుకున్నాను. మొదటిసారి పదో రోజున స్కానింగ్‌కు రమ్మన్నారు, వెళ్లేసరికి అండం విడుదలైపోయింది. ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ ఎంత ఏడ్చానో మీకు చెప్పనక్కర్లేదు. తర్వాతి నెల ఆరో రోజునుంచే స్కానింగ్ మొదలుపెట్టి, ఫోలికిల్ 17 మిల్లీమీటర్లున్నప్పుడు అండం విడుదలయ్యేలా చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి, ఏడు రోజులకు బదిలీ చేశారు. అండం క్రమంగా విడుదలయ్యేవారికి ఈ పద్ధతి కూడా ఉందని మీ డాక్టరుగారిని అడిగి చూడండి.

మూడో సమాధానం:
ఒక్క చిన్న మాట. మరకలు కనిపించిన రోజును కాక, రక్తస్రావం పూర్తిగా మొదలైన రోజునే ఒకటో రోజుగా చెప్పండి. చిన్న నెలసరిలో రెండు రోజుల తేడా చాలా పెద్దది. థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు ఇంతవరకు చేయించుకోకపోతే వాటి గురించీ అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయమే డాక్టరుగారితో మాట్లాడాను. ఏడో రోజునుంచి స్ట్రిప్‌తో చూసుకుని, రెండో గీత ముదిరిన రోజున ఫోన్ చేయమన్నారు. ఇంజెక్షన్ తేదీని దాన్నిబట్టే నిర్ణయిస్తారట.