పునాది ముగ్గులో 3-4-5 లెక్క, అర అంగుళం తేడా వస్తే పర్లేదా?

ఇల్లుకడుతున్నా:
నమస్తే అండి. నిన్న మా పునాదికి ముగ్గు పోశారు, ఇల్లు 33 అడుగులు ఇంటూ 45. మేస్త్రి మూలలో మేకు కొట్టి, ఒక దారం మీద 3 అడుగులకి, రెండో దారం మీద 4 అడుగులకి గుర్తు పెట్టి మధ్యలో టేపు పట్టాడు, 5 అడుగులొస్తే మూల కరెక్టే సార్ అన్నాడు. వచ్చింది 5 అడుగుల అర అంగుళం. అదేం పర్లేదులెండి అంటున్నాడు గానీ నాకు మనసొప్పట్లేదు, ఎల్లుండే తవ్వకం. అసలు 3, 4 పెడితే 5 ఎందుకు రావాలో కూడా మా పాప అడిగితే చెప్పలేకపోయా.

లెక్కలమాస్టారు:
తవ్వకముందే సరిచేయించండి. 5 అడుగుల దగ్గర అర అంగుళం అంటే కోణంలో ఒక డిగ్రీ, అదే దారం 45 అడుగులు పోయేసరికి చివర 9 అంగుళాలు పక్కకి పోతుంది, అంటే ఒక గోడ మందం! మేస్త్రి పద్ధతి మంచిదే, కొలత మరీ చిన్నది. 12, 16, 20 పెట్టమనండి, అప్పుడు అదే అర అంగుళానికి చివర రెండుంపావు అంగుళాలే తేడా. ఇంకా మంచిది ఏంటంటే మొత్తం ఇంటికే క్రాస్, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి, కొలవడం. 33 వర్గం 1089, 45 వర్గం 2025, కలిపితే 3114, దాని వర్గమూలం 55.8, అంటే 55 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. రెండు క్రాసులూ అంతే రావాలి.
ఇంకో మాట, లంబకోణం ఉంటే 3, 4ల వర్గాలు కలిపి 9+16=25, అంటే 5 వర్గం అవుతుందనేది పైథాగరస్ సిద్ధాంతం, 25 అయింది కాబట్టి లంబకోణమే అనేది దాని విపర్యయం, అంటే దాన్నే తిరగేసి చెప్పడం. మేస్త్రి వాడేది విపర్యయమే.

గ్రాఫ్‌పేపర్:
పాపకి ఇలా చూపించండి. 7 గళ్ళు ఇంటూ 7 గళ్ళ చతురస్రం గీసి నాలుగు మూలల్లో 3, 4 భుజాల త్రిభుజాలు నాలుగు కత్తిరించేయండి. ఒక్కోటి 6 గళ్ళు, నాలుగూ 24, 49లో 24 పోతే 25. మధ్యలో ఏటవాలుగా మిగిలిన చతురస్రం అదే, దాని భుజం 5 కాక ఇంకేమవుతుంది! మా బాబు కత్తెరతో చేసి గళ్ళు లెక్కపెట్టుకుని ఎగిరాడు.

గోదారిగట్టు:
మన ఇళ్ళల్లో ప్రవర చెప్పేటప్పుడు ఆపస్తంబ సూత్రం అంటారు కదా, ఆ ఆపస్తంబుడి శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికి మూలలు తీసింది ఇలాగే తాడుతోనే. శుల్బం అంటేనే తాడు. మహావేది అనే పెద్ద యజ్ఞవేదికి పడమర వైపు 30, తూర్పు వైపు 24, పొడవు 36, అందులో వాడేది 15-36-39 త్రిభుజం, 15 అంటే ఆ 30లో సగం. 225కి 1296 కలపండి, 1521, సరిగ్గా 39 వర్గం. అది మన మేస్త్రి పనే అనిపిస్తుంది నాకు, చాలా ఇష్టం ఈ సంగతి.

ఇల్లుకడుతున్నా:
ఇవాళ పొద్దున్నే మేస్త్రితో కలిసి క్రాసులు పట్టాం. ఒకటి 56 అడుగుల 3 అంగుళాలు, ఇంకోటి 55 అడుగుల 4 అంగుళాలు! టేపు చూడగానే ఆయనే మేకులు పీకి మళ్ళీ కొట్టాడు, ఇప్పుడు రెండూ 55 అడుగుల తొమ్మిదిన్నర. రేపు తవ్వకం.