బెజవాడలో రాడికల్ ర్యాప్ వినిపించాలి: గొడవలున్న పాటలు ఉంచాలా, తీసేయాలా?

గవర్నర్‌పేట శ్రోత
వచ్చే నెల గవర్నర్‌పేటలో చిన్న హాల్లో ర్యాప్ విని మాట్లాడుకునే సాయంత్రం పెడుతున్నాం. 40 మంది వస్తారు. ఎక్కువగా డిగ్రీ పిల్లలు, విద్యార్థి సంఘాల వాళ్లు, ఇద్దరు ముగ్గురు పాత ప్రజానాట్యమండలి కళాకారులు. టైము 2 గంటలు. లిస్టు: అమెరికా నుంచి పబ్లిక్ ఎనిమీ, ద కూ, ఇమ్మోర్టల్ టెక్నిక్, స్పెయిన్ నుంచి పాబ్లో హాసెల్, తమిళనాడు నుంచి అరివు, కేరళ నుంచి వేడన్. ప్రతి పేరు మీదా ఎవరో ఒకరికి అభ్యంతరం ఉంది. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి?

వంతపాట, గుంటూరు
ఆరు పాటలు 2 గంటల్లో పట్టవు తమ్ముడూ. సాహిత్యం చదవడానికి 3 నిమిషాలు, 4 నిమిషాల పాట రెండుసార్లు వినడానికి 8, మాటలకు 15 వేసుకో. నాలుగు పాటలకే సరిపోతుంది. రెండోసారి వినిపించడం మాత్రం మానొద్దు. నిమిషానికి 90 బీట్ల పాటలో 16 బార్లు (బారుకు 4 బీట్లు) 43 సెకన్లలో అయిపోతాయి. మొదటిసారి చెవికి బీటు అందుతుంది, మాట అందదు.

ఇక గొడవలన్నిటినీ ఒకే గాటన కట్టకు. ద కూ 'పార్టీ మ్యూజిక్' అట్ట మీద జంట టవర్లు పేలుతున్న బొమ్మ 2001 జూన్‌లోనే తయారైంది. సెప్టెంబరు 11 తర్వాత దాన్ని తీసేసి, మండుతున్న గ్లాసు బొమ్మతో నవంబరులో విడుదల చేశారు. పాత బొమ్మలో ద కూ ర్యాపర్ బూట్స్ రైలీ పట్టుకున్నది గిటార్ శ్రుతి చూసే ట్యూనర్, పేల్చే మీట కాదు. ఇది తేదీ చెబితే తీరిపోయే గొడవ.

పబ్లిక్ ఎనిమీది అలా తీరదు. 1989లో ఆ బృందంలోని ప్రొఫెసర్ గ్రిఫ్ ఒక ఇంటర్వ్యూలో లోకంలోని దుర్మార్గంలో అధిక భాగానికి యూదులే కారణమన్నాడు. బృందం నాయకుడు చక్ డి అతణ్ని బృందం నుంచి తప్పించాల్సి వచ్చింది. దోపిడీకి వ్యవస్థ బదులు ఒక జాతిని చూపించడం అక్కడి తప్పు. పిల్లలు రోజూ చూసే వాట్సాప్ ఫార్వర్డుల్లో జరిగేదీ అదే కాబట్టి వెంటనే పట్టుకుంటారు.

ఇమ్మోర్టల్ టెక్నిక్‌వి రెండు పాటలు పక్కపక్కన పెట్టు. 2001 నాటి 'ద పావర్టీ ఆఫ్ ఫిలాసఫీ'కి పేరు మార్క్స్ 1847 పుస్తకం నుంచి వచ్చింది. డబ్బున్న తన జాతివాళ్ల కంటే కష్టపడే తెల్లవాడే తనకు దగ్గర అంటాడు అందులో. తర్వాత వచ్చిన 'బిన్ లాడెన్' పల్లవిలో టవర్లు కూల్చింది బుష్షే అని వినిపిస్తుంది. మొదటిది వర్గ విశ్లేషణ, రెండోది కుట్ర సిద్ధాంతం. ఒకే మనిషి నోట రెండూ వింటేనే తేడా ఒంటబడుతుంది.

హాసెల్‌ని 2021 ఫిబ్రవరి 16న యూనివర్సిటీలో దాక్కుని ఉండగా అరెస్టు చేశారు. ట్వీట్లకూ మాజీ రాజు మీద పాటకూ 9 నెలల జైలు. ఆ జైలును ఖండిస్తాం. సాయుధ ముఠాలను మెచ్చుకున్న ప్రతి వాక్యాన్నీ మోయాలన్న రూలు లేదు. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి జైలుకెళ్లిన సంగతితో మొదలుపెట్టు, పెద్దవాళ్లు తామే అందుకుంటారు.

నడిపించడం బుర్రకథ పద్ధతిలో పెట్టుకో. కథకుడు పాట పరిచయం చేస్తాడు. రాజకీయ వంత మధ్యలో ఆపి ప్రశ్న వేయాలి.

కృష్ణలంక
అన్నా, తిట్ల సంగతి వదిలేశారు. ఇమ్మోర్టల్ టెక్నిక్ పాత పాటల్లో స్వలింగ సంపర్కుల మీద బూతులున్నాయి. మనం పంచే తెలుగు అనువాదం కాగితంలో అక్కడ చుక్కలు పెడితే అభ్యంతరం దేనిమీదో ఎవరికీ తెలియదు. అంతే బరువున్న తెలుగు మాట రాయండి, రాయలేకపోతే ఆ పాట తీసేయండి. పక్కనే మన ఉపన్యాసాల్లో వినబడే "చేతకాకపోతే గాజులు తొడుక్కోండి" కూడా రాయండి. ఇదంతా అమెరికా జబ్బు అని ఎవరూ తప్పించుకోలేరు.

వేడన్ వద్దు. 2021లో లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో క్షమాపణ చెప్పాడు. కులం మీద గట్టిగా పాడతాడు కాబట్టి ఆడవాళ్లు సర్దుకోవాలని హాల్లో ఎవరో ఒకరు అంటారు. ఆ జవాబు చెప్పే భారం వచ్చిన అమ్మాయిల మీద పడకూడదు.

గవర్నర్‌పేట శ్రోత
సరే అక్కా. మరి అరివు పాటలో తప్పేముంది?

కృష్ణలంక
తప్పు పాటలో లేదు, పేరు ఎవరికి దక్కిందన్న దగ్గర ఉంది. 'ఎంజాయ్ ఎంజామి' 2021 మార్చిలో వచ్చింది. భూమి లేక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అరివు అమ్మమ్మ కథ అది. ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా అట్ట మీద అతనితో కలిసి పాడిన ధీ ఉంది, అరివు లేడు. సినిమా దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. 2024 మార్చిలో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఆ పాటకు తమకెవరికీ ఒక్క రూపాయి రాలేదన్నాడు. దళిత గొంతు, కంపెనీ లెక్క, అట్ట మీద బొమ్మ మూడూ ఒకేచోట దొరికే పాట ఇంకోటి లేదు. దీనికి 35 నిమిషాలివ్వండి, పబ్లిక్ ఎనిమీకి కోత పెట్టండి.

వంతపాట, గుంటూరు
తిట్ల విషయంలో నువ్వే రైటమ్మా, నేను మర్చిపోయాను. వేడన్ పాట వేయొద్దు, ఒప్పుకుంటాను. పేరే ఎత్తకుండా మాత్రం ఉండొద్దు. 2025లో కేరళ వామపక్ష ప్రభుత్వమే ఇడుక్కిలో అతణ్ని తన వార్షికోత్సవ వేదిక ఎక్కించింది. అది దాటేస్తే మనవాళ్లను వెనకేసుకొచ్చినట్టే. ఆరోపణలు, క్షమాపణ, వేదిక, మూడూ తేదీలతో అర పేజీలో రాసి పంచండి.

సౌండ్ మనిషి, పటమట
సబ్ ఊఫర్ ఆపేయండి. చిన్న హాల్లో గోడలకు కొట్టుకుని బేస్ మాటను మింగేస్తుంది. మిక్సర్‌లో 100 నుంచి 200 హెర్ట్‌జ్ మధ్య కాస్త తగ్గించి, 2 నుంచి 4 కిలోహెర్ట్‌జ్ మధ్య కొంచెం పెంచండి, హల్లులు తేటగా వినబడతాయి. ముందురోజు ఫ్యాన్లన్నీ వేసి, చివరి వరుసలో కూర్చుని ఒక పాట విని చూడండి.