బెంగళూరు దగ్గరి కనకపుర వైపు ధ్యాన మందిరం కడుతున్నాం. డోమ్ వేయించాలా, పెంకులా?

తోటలో ఇల్లు
అందరికీ నమస్కారం. కనకపుర దాటాక మాకు, మా ఇద్దరు స్నేహితులకు కలిపి రెండెకరాల తోట ఉంది. అందులో ఇరవై మంది మౌనంగా కూర్చునే హాలు ఒకటి, ఉండటానికి నాలుగు గదులు కట్టాలని మా కోరిక. ఏసీ వద్దు, ఒక్క చెట్టూ కొట్టకూడదు. ఆర్కిటెక్ట్ మట్టి ఇటుకలతో నేల నుంచే లేచే అర్ధగోళం డోమ్ గీసి ఇచ్చారు, చూడటానికి చాలా అందంగా ఉంది. మట్టి ఇటుక వానకు నిలుస్తుందా? హాలు ఏ వైపుకు తిరగాలి? టాయిలెట్ గుంట బోరుకు ఎంత దూరం ఉండాలి? చుట్టూ పనస, అరటి వేద్దామనుకుంటున్నాం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గచ్చునేల
డోమ్ అన్న మాట చూశాక మిగతావన్నీ వదిలేసి దీనికే రాస్తున్నాను. చెన్నై ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) వైపు ఒక చోట, పేరు వద్దు, అచ్చం అలాంటి హాల్లోనే మౌన శిబిరానికి కూర్చున్నాను. అవతలి గోడ దగ్గర ఎవరో గొంతు సవరించుకుంటే నా పక్కనే ఉన్నట్టు వినపడింది. నడిమధ్యలో కూర్చున్నావిడకు తన ఊపిరి తనకే తిరిగి వినిపించి, భయమేసి లేచి వెళ్లిపోయారు. సంచీ జిప్పు తీసినా హాలంతా తెలిసేది. కదిలితే ఏమవుతుందో అని అందరం టెన్షన్‌తో బిగుసుకుని కూర్చునేవాళ్లం. మీ ఇరవై మందికి ఆ శిక్ష వేయకండి.

వాల్టులు డోములు
ఒక చోట సరిగ్గా కట్టలేదని డోమ్‌నే తిట్టడం అన్యాయం. నేను పాతికేళ్లుగా కర్ణాటక, తమిళనాడుల్లో ఇవే వేయిస్తున్నాను. ఇటుకకు నొక్కుడు తట్టుకునే బలం ఉంది, లాగుడు తట్టుకునే బలం లేదు. డోమ్‌లో బరువు చాలావరకు నొక్కుడుగానే కిందికి దిగుతుంది కాబట్టి స్లాబుకు పట్టేంత స్టీలు అక్కర్లేదు. అర్ధగోళమైతే కింది భాగం బయటికి తన్నుతుంది, అక్కడ చుట్టూ కట్టులా రింగ్ బీమ్ వేస్తే చాలు. వేడి గాలి పైకి చేరి నడినెత్తిన పెట్టిన కంతలోంచి పోతుంది. ప్రకృతితో కలిసిపోయే కట్టడం అంటే ఇదే. శబ్దం సంగతి ప్లాస్టరింగ్ చూసుకుంటుంది.

గచ్చునేల
ప్లాస్టరింగ్‌తో పోయేదైతే 1656లో పూర్తయిన బీజాపూర్ గోల్ గుంబజ్ పెద్ద డోమ్‌లో గుసగుస అవతలి వైపుకు ఇప్పటికీ ఎలా వినపడుతోంది సార్? చూడటానికి వెళ్లినవాళ్లకు అది వింత. కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లకు నరకం. మీరు కట్టిన డోముల్లో ఒక్కదాంట్లోనైనా గంటసేపు మౌనంగా కూర్చున్నారా?

వాల్టులు డోములు
మర్యాదగా మాట్లాడండి. నేను వేసిన డోమ్ హాళ్లలో పెళ్లిళ్లు జరుగుతున్నాయి. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

గచ్చునేల
పెళ్లి సందడిలో ప్రతిధ్వని ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ ఆయన అడిగింది మౌనం గురించి.

వినికిడి
ఇద్దరూ కాస్త ఆగండి. రికార్డింగ్ స్టూడియోల అకౌస్టిక్స్, అంటే గదిలో శబ్దం ఎలా వినపడాలో చూడటం, నా పని. లోపలికి వంగిన కప్పు శబ్దాన్ని ఒక చోటికి పోగేస్తుంది. ఆ చోటు ఎక్కడ పడుతుందన్నదే అసలు విషయం. అర్ధగోళం నేల నుంచే మొదలైతే దాని కేంద్రం నేల మీద ఉంటుంది. చాప మీద కూర్చున్న మనిషి చెవి దానికి రెండున్నర అడుగుల పైన ఉంటుంది. కప్పుకు తగిలిన శబ్దమంతా వచ్చి చేరేది సరిగ్గా ఆ చుట్టుపక్కలకే. మేము పాటించే లెక్క ఏమిటంటే, కప్పు వంపు వ్యాసార్ధం కప్పు ఎత్తులో సగం కంటే తక్కువైనా ఉండాలి, ఎత్తుకు రెట్టింపు కంటే ఎక్కువైనా ఉండాలి. ఆ రెండింటి మధ్య ఉంటేనే తంటా. గోడలు లేపి పైన చిన్న గుమ్మటం పెట్టినా, కప్పు కొద్దిగా మాత్రమే వంగినా మనుషుల చెవుల దగ్గర శబ్దం కుప్పపడదు. సున్నం పూత పీల్చుకునేది చాలా తక్కువ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కొబ్బరి పీచు బోర్డులు, మందపాటి చాపలు, తెరిచి ఉండే కిటికీలు పనికొస్తాయి.

వాల్టులు డోములు
పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో ఉన్న ధ్యాన మందిరం, మాతృమందిర్, గోళం కాదా మరి? ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి అందులోనే కదా కూర్చుంటున్నారు!

వినికిడి
బయటికే గోళం. ధ్యానం చేసే లోపలి గదికి పన్నెండు వైపులా నిలువు గోడలు ఉన్నాయి. మధ్యలో 70 సెంటీమీటర్ల స్ఫటిక గోళం, దాని మీదికి పైనుంచి దించిన సూర్యకిరణం. బయటి ఆకారం ఒకటి, మనిషి కూర్చునే గది ఇంకొకటి.

మదనపల్లె నుంచి
హాలు గొడవలో పడి ఒక మాట మరిచిపోతున్నారు. మా ఊళ్లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఇలాంటి కేంద్రాల గురించి చాలా ఆలోచించారు. మౌనానికి ఒక గది ఉండాలి, ఆ గదిని ఇంకే పనికీ వాడకూడదు అన్నది ఆయన పట్టు. ఇంగ్లండ్‌లోని బ్రాక్‌వుడ్ పార్క్‌లో ఆర్కిటెక్ట్ కీత్ క్రిచ్‌లో డిజైన్ చేసిన కృష్ణమూర్తి సెంటర్, కృష్ణమూర్తి పోయాక 1987లో తెరుచుకుంది. అందులోనూ అలాంటి గది ఉంది. తోటలో ఇల్లు గారూ, మీ హాలు పొద్దున ధ్యానానికి, మధ్యాహ్నం యోగా క్లాసుకు, రాత్రి భజనకు అంటే ఏ కప్పు వేసినా ఒకటే. నాకు ఇది ప్రాణం లాంటి విషయం. చిన్నదైనా సరే, విడిగా ఒక గది పెట్టండి.

హోసూరు తెలుగు
కనకపుర దాటాక పనస, అరటి వేస్తారా? దయచేసి వద్దు. బన్నేరుఘట్ట నుంచి కావేరి అడవుల దాకా ఏనుగులు తిరిగే దారి అది. పనస పండితే వాసనకే వస్తాయి. మా మామయ్య తోటలో ఒక్క రాత్రిలో అరటి అంతా పోయింది.

జయనగర్ వాసి
సోలార్ కంచె వేస్తే సరిపోతుంది కదా?

హోసూరు తెలుగు
కంచె సరే, లోపల పనస కనిపిస్తుంటే చెట్టు కొమ్మలు విరిచి దాని మీద వేసి తొక్కుకుంటూ వస్తాయండీ. పైగా కొందరు తెలివి చూపించి నేరుగా కరెంటు పెడతారు. అది నేరం, ఏనుగులూ మనుషులూ చచ్చిపోతున్నారు. ధ్యానానికి కట్టే చోట అలాంటి ఆలోచనే రాకూడదు. కానుగ, వేప, నేరేడు వేసుకోండి. రాత్రి బయట లైట్లు కూడా తక్కువ పెట్టండి.

తోటలో ఇల్లు
పనస మానేస్తాం, చాలా థాంక్స్. మట్టి ఇటుక గురించి, టాయిలెట్ గుంట గురించి ఎవరైనా చెప్పగలరా?

ఆనేకల్ మట్టిల్లు
మట్టి ఇటుక గురించి నేను చెబుతాను, మా ఇల్లు అదే. వాన నీటి సంపు తవ్విన ఎర్రమట్టితోనే ఇటుకలు నొక్కించాం. ఎన్నో వానాకాలాలు చూసింది, ఒక్క గోడా కరగలేదు. ఈ పని బెంగళూరులో కొత్తది కాదు. ఇక్కడి సైన్స్ సంస్థ ఐఐఎస్‌సీలో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలైన ఆస్ట్రా కేంద్రం వాళ్లు చేత్తో నొక్కే మిషన్లతో దీన్ని ఊళ్లలోకి తెచ్చారు. మట్టిలో ఇసుక ఎక్కువ, బంక తక్కువ ఉండాలి. నల్లరేగడి పనికిరాదు. 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, నొక్కాక మూడు వారాలైనా తడుపుతూ ఉంచాలి. పునాది రాతితో రెండడుగులు పైకి లేపి, చూరు మూడడుగులు బయటికి పెట్టండి. ఇక్కడ జూన్ నుంచి గాలివాన పడమర, నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి ఆ వైపు వెడల్పు వరండా వేసి కిటికీలు తగ్గించండి.

గానుగ సున్నం
సిమెంటు కలిపాక అది మట్టి ఇల్లు ఎలా అవుతుంది? పేరు మట్టిది, బలం ఫ్యాక్టరీది. కరక్కాయ, బెల్లం నీళ్లతో సున్నం నానబెట్టి కట్టిన గోడలు వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి.

ఆనేకల్ మట్టిల్లు
బట్టీలో కాల్చిన ఇటుక కంటే ఇది ఎన్నో రెట్లు నయం అండీ. పొగ లేదు, కట్టెలు లేవు, లారీల్లో మోయడం లేదు. సున్నం పని తెలిసిన మేస్త్రిని ఇప్పుడు మీరు చూపించండి, నేనే పిలిపించుకుంటా.

గానుగ సున్నం
మేస్త్రులు లేరంటే మనం పని ఇవ్వకే. పిలిస్తే చెట్టినాడు వైపు నుంచి వస్తారు.

అనంతపురం పిల్ల
మా ఊళ్లో చవుడు మిద్దెలు ఉండేవి. దూలాల మీద బండలు పరిచి పైన చవుడు మట్టి తొక్కేవాళ్లు. ఎంత వాన కురిసినా లోపలికి చప్పుడే వచ్చేది కాదు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. మీరు అందరూ మనుషుల దగ్గు గురించి మాట్లాడుతున్నారు, వాన చప్పుడు గురించి ఎవరూ అనలేదు. రేకుల కప్పు మాత్రం వేయకండి, వాన పడితే పక్కవాళ్ల మాట కూడా వినపడదు. మంగళూరు పెంకులు మేలు, కానీ కోతులు పీకి పారేస్తాయి. పెంకుల కింద చెక్క గాని, టైలు సీలింగ్ గాని వేసుకుంటే మంచిది.

మదనపల్లె నుంచి
ఏసీ లేకుండా చల్లగా ఉండాలంటే పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ల గోల్‌కొండ్ భవనం గురించి చదవండి. ఆర్కిటెక్టులు ఆంటోనిన్ రేమండ్, జార్జ్ నకషిమా 1930లలో దాని పని మొదలుపెట్టారు. గోడల బదులు తిప్పుకునే కాంక్రీటు పలకలు, పైన రెండు పొరల కప్పు. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇస్తే, ఆ కృతజ్ఞతతో మన గోల్కొండ పేరు పెట్టారు. ఆ పలకల గోడ మీ హాలుకు రెండు వైపులా పెడితే శబ్దమూ బయటికి పోతుంది, గాలీ ఆడుతుంది.

వాల్టులు డోములు
అది కాంక్రీటు భవనం. ఇక్కడ అడిగింది మట్టి గురించి!

మదనపల్లె నుంచి
అడిగింది ప్రకృతితో కలిసి ఉండే కట్టడం గురించి, సార్.

జయనగర్ వాసి
ఇవన్నీ సరే, భూమి కన్వర్షన్ (వ్యవసాయేతర వాడకానికి మార్పు) అయిందా? వ్యవసాయ భూమిలో నలుగురు వచ్చి ఉండే కట్టడం కడితే పంచాయతీ దగ్గర ఆగిపోతుంది. మా వాళ్లది పునాది దాకా వచ్చి ఆగింది. డ్రాయింగ్ కంటే ముందు ఆ కాగితం చూసుకోండి.

ఆనేకల్ మట్టిల్లు
టాయిలెట్ గుంట సంగతి ఎవరూ చెప్పలేదు. బోరుకు కనీసం 15 మీటర్లు, వాలులో బోరు కంటే కిందికి ఉండాలి. రెండు గుంటలు పెట్టండి. ఒకటి నిండితే దాన్ని మూసి రెండోది వాడుకోవచ్చు, మూసింది ఏడాది దాటాక ఎరువవుతుంది. కింద రాయి తగిలితే నీరు ఇంకదు, ముందే ఒక చోట తవ్వి చూడండి.

తోటలో ఇల్లు
కన్వర్షన్ కాగితాలు వేశాం, ఇంకా రాలేదు. అవి వచ్చేలోపు ఆర్కిటెక్ట్‌తో మళ్లీ కూర్చుంటాం. గోడలు ఏడడుగులు లేపి పైన తక్కువ వంపు కప్పు, పక్కన ఒక్కరు కూర్చునే చిన్న మౌనం గది అని అడుగుతాను.

వాల్టులు డోములు
తక్కువ వంపు అంటే గోడల మీద తోపుడు ఇంకా ఎక్కువవుతుంది, రింగ్ బీమ్ లెక్క మారుతుంది. డ్రాయింగ్ రాగానే ఇక్కడ పెట్టండి, డబ్బు తీసుకోకుండానే చూసి చెబుతాను.

వినికిడి
సెక్షన్ (హాలును నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీయించేటప్పుడు చాప మీద కూర్చున్న మనిషిని కూడా అందులో గీయమనండి. చెవి ఎక్కడుందో చూస్తే వంపు నేను లెక్కగట్టి ఇస్తాను.