కరెంటు పోయి వచ్చాక కోర్ యాప్ కోడీకి కనెక్ట్ కావడం లేదు

ప్రశ్న:
మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద, కోడీ నడపడానికే ఉన్న లిబ్రెఎలెక్ సిస్టమ్ వేసి, పాటలూ సినిమాలూ కోడీ ప్లేయర్‌లోనే పెట్టుకుంటున్నాం. నాన్నగారికి చూపు మందగించి రిమోట్ మీద మీటలు ఆనడం లేదని ఆయన ఫోన్‌లో, కోడీకి రిమోట్‌లా పనిచేసే కోర్ యాప్ పెట్టి ఇచ్చాను. అక్షరాలు పెద్దవి చేసుకొని, పడక కుర్చీలోంచే ఘంటసాల పాటలు పెట్టుకునేవారు. నిన్న కరెంటు పోయి వచ్చిన దగ్గర నుంచి టీవీలో కోడీ బాగానే నడుస్తున్నా, యాప్ మాత్రం కనెక్ట్ కావడం లేదు. సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ కంట్రోల్‌కు అనుమతి ఆన్‌లోనే ఉంది, పోర్ట్ 8080, పాస్‌వర్డ్ మార్చలేదు. ఇంకెక్కడ చూడాలో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీ రాస్ప్‌బెర్రీ పైకి రౌటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారిపోయి ఉంటుందండీ. కరెంటు పోతే చాలా రౌటర్లు ఏ పరికరానికి ఏ నంబరు ఇచ్చాయో మరచిపోయి కొత్తగా పంచుతాయి, యాప్ ఏమో మీరు మొదట ఎక్కించిన పాత నంబరునే వెతుక్కుంటుంది. కోడీలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ఇప్పటి ఐపీ కనబడుతుంది. దానిని యాప్‌లో మార్చి ఊరుకుంటే మళ్లీ కరెంటు పోయిననాడు ఇదే తిప్పలు కనుక, రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట రాస్ప్‌బెర్రీ పై మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు) ఒక ఐపీని శాశ్వతంగా కేటాయించండి. రాస్ప్‌బెర్రీ పైలో కేబుల్‌కు ఒక మ్యాక్, వైఫైకి వేరొక మ్యాక్ ఉంటాయి, మీరు వాడుతున్నదే రాయాలి. నేను మొదటిసారి రెండోది రాసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

రెండవ సమాధానం:
మొదటి సమాధానంలో చెప్పినదే ముందు చూడండి. అయినా కుదరకపోతే ఫోన్ గెస్ట్ వైఫైకి వెళ్లిందేమో గమనించండి, గెస్ట్ నెట్‌వర్క్ సాధారణంగా ఇంట్లోని ఇతర పరికరాలను కనబడనివ్వదు. మరొక్క మాట, యాప్‌లో షట్‌డౌన్ నొక్కవద్దని నాన్నగారికి తప్పక చెప్పండి. రాస్ప్‌బెర్రీ పై 4కు వేక్ ఆన్ లాన్ (నెట్‌వర్క్ ద్వారా లేపే సౌకర్యం) లేదు, ఒకసారి ఆపితే ఫోన్ నుంచి మళ్లీ లేపలేరు, ఎవరో ఒకరు వెళ్లి కరెంటు తీసి పెట్టవలసిందే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చివర 7 ఉండవలసిన ఐపీ 12 అయింది. రిజర్వేషన్ పెట్టి, రౌటర్‌ను రెండుసార్లు ఆపి వేసి చూశాను, నంబరు మారలేదు. షట్‌డౌన్ సంగతి నాన్నగారికి ఇప్పుడే చెప్పాను. ఆయన మాత్రం పాట మధ్యలో మాట్లాడవద్దన్నారు.