ఎల్ పాసో ఆశ్రయం: సేవా, చట్టం కళ్ళుగప్పడమా?

ప్లానో_సుబ్బారావు:
టెక్సస్‌లో మెక్సికో బోర్డర్ మీదున్న ఎల్ పాసోలో అనన్సియేషన్ హౌస్ అని 1978 నుంచి నడుస్తున్న కాథలిక్ ఆశ్రయం ఒకటుంది. బోర్డర్ దాటొచ్చిన కుటుంబాలకి వాలంటీర్లు అన్నం పెడతారు, పడక చూపిస్తారు. 2024 ఫిబ్రవరిలో టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ వీళ్ళ రికార్డులు అడిగాడు. తర్వాత అక్రమంగా వచ్చినవాళ్ళని దాస్తున్నారంటూ మూయించడానికి కోర్టుకెక్కాడు. జులైలో ఎల్ పాసో జడ్జి కాదన్నాడు. 2025 మేలో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ తీర్పు తిరగేసి, కేసు నడుపుకోవచ్చంది. నాకైతే పాక్స్‌టన్ అడిగిందాంట్లో తప్పు కనపడలేదు. దాచడానికేం లేకపోతే కాగితాలు ఇవ్వడానికేం?

ఫిరంగిపురం_పిల్ల:
సుబ్బారావు గారూ, దాచడమేంటండీ? 2023లో మా చర్చి విచారణ (పారిష్) తరఫున ఎల్ పాసోలోనే ఇంకో చిన్న ఆశ్రయంలో రెండు వారాలు పనిచేశాను. మా గుమ్మం ముందు మనుషుల్ని దింపేది ప్రభుత్వ బస్సే! బోర్డర్ పెట్రోల్ వాళ్ళు వేలిముద్రలు తీసుకుని, కోర్టు తారీకు కాగితం చేతిలో పెట్టి, ఇంతమంది వస్తున్నారని వాళ్ళే ఫోన్ చేసి పంపేవాళ్ళు అప్పట్లో. పంపినవాళ్ళకి తెలియకుండా దాచేది ఎక్కడ?

బస్సు దిగినోళ్ళ బూట్లకి లేసులుండవు. కస్టడీలో పీకేస్తారు. అందరూ కాళ్ళీడ్చుకుంటూ వస్తారు. అందుకే మా దగ్గర మొదటి బల్ల మీద ఉండేది అన్నం కాదు, లేసుల డబ్బా. ఒక హోండురస్ పిల్లాడు, ఆరేళ్ళుంటాయి, ఎర్రవి రెండు తీసుకుని ఒకటి తన కాలికి, ఒకటి వాళ్ళ అమ్మ కాలికి కట్టాడు.

ప్లానో_సుబ్బారావు:
లేసుల కథ బాగుంది. తర్వాత వాళ్ళు షికాగో, న్యూయార్క్ వెళ్తారు కదా. ఆ బస్ టికెట్ ఎవడు కొంటాడు?

ఫిరంగిపురం_పిల్ల:
మామూలుగా వాళ్ళ చుట్టాలు. ఆ నంబర్లకి ఫోన్లు చేయడమే మాకు రోజంతా పని. చుట్టం ఆన్‌లైన్లో కొంటాడు, మేం ప్రింట్ తీసి, దారికి రెండు సాండ్‌విచ్‌లు కట్టి బస్సెక్కిస్తాం.

ప్లానో_సుబ్బారావు:
"మామూలుగా." చుట్టం దగ్గర డబ్బు లేకపోతే?

కూకట్‌పల్లి_కుర్రోడు:
ఇదంతా మతం మార్చే దుకాణం బ్రో. ముందు సాండ్‌విచ్, తర్వాత బాప్తిస్మం.

అనిత_హ్యూస్టన్:
హోండురస్, గ్వాటెమాలా వాళ్ళల్లో చాలామంది పుట్టుకతోనే కాథలిక్కులు బాబూ. ఇంక దేంట్లోకి మారుస్తారు?

ప్లానో_సుబ్బారావు:
మతం సంగతి నాకొద్దు. నేనడిగింది టికెట్. బోర్డర్ మీదే ఉన్న మెక్‌అలెన్‌లో సిస్టర్ నార్మా పిమెంటెల్ నడిపే కాథలిక్ చారిటీస్‌కి ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) డబ్బు ముట్టిందా లేదా? అది నా టాక్సు. వైస్ ప్రెసిడెంట్ వాన్స్ కాథలిక్కే, 2025 జనవరిలో బిషప్పుల్ని ఆ డబ్బు గురించే అడిగాడు.

ఫిరంగిపురం_పిల్ల:
ముట్టింది. కాదని నేనన్నానా? 2014లో ఆవిడ అక్కడి సేక్రెడ్ హార్ట్ చర్చి హాల్లో మొదలుపెట్టిన పని అది. తర్వాత రోజుకి వందల మందిని గవర్నమెంటే తెచ్చి దింపుతుంటే, ఖర్చు చర్చి ఒక్కటే మొయ్యాలా?

ఒంగోలు_గిత్త:
2025 ఫిబ్రవరిలో సంకెళ్ళేసి 104 మంది ఇండియన్స్‌ని అమృత్‌సర్‌లో దించినప్పుడు "అయ్యో మనోళ్ళు" అని ఏడ్చింది ఈ గ్రూపే కదా?

ప్లానో_సుబ్బారావు:
నేనేడవలేదు. వెతుక్కో.

అనిత_హ్యూస్టన్:
అన్నా, ఆ ఊళ్ళ పక్క కొలోనియాలకి, అంటే బోర్డర్ దగ్గరి పేదల బస్తీలకి, ఎప్పుడైనా వెళ్ళారా? నీళ్ళ పైపు రాని ఇళ్ళున్నాయి, అదీ మన టెక్సస్‌లో. వాటిల్లో ఉండేవాళ్ళు చాలామంది సిటిజన్లు. ఈ సిస్టర్లు, వాలంటీర్లు అక్కడికీ వెళ్తారు. మీ టాక్సు లెక్కలో వాళ్ళెక్కడ?

ప్లానో_సుబ్బారావు:
టాపిక్ మార్చకండి. టికెట్!

ఫిరంగిపురం_పిల్ల:
సార్, ఆ హోండురస్ పిల్లాడి టికెట్ మా టీమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ తన పర్సులోంచి కొనింది. చాలా? ప్లానోలో అయిదు బెడ్‌రూముల ఇంట్లో కూర్చుని ఒక్క బస్ టికెట్ కోసం ఇంత పంచాయితీ ఏంటండీ?

ప్లానో_సుబ్బారావు:
అయిదు బెడ్‌రూములు. సరే, విను.

2021లో మా నాన్న పోయాడు. వెళ్తే వీసా స్టాంపింగ్‌కి డేట్ల్లేవు, తిరిగి రాగలనో లేదో తెలీదు. ఇక్కడ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. పెద్దకొడుకుని నేను. తలకొరివి తమ్ముడు పెట్టాడు, నేను ఫోన్లో చూశా. మధ్యలో సిగ్నల్ పోయింది. పదిహేనేళ్ళుగా ఒక్క కాగితం తప్పకుండా కట్టినోణ్ణి. దేశానికి 7 శాతం అని కోటా పెట్టి ఆపేసిన గ్రీన్‌కార్డు లైన్లో ఇంకా ఉన్నా. ఏ బల్ల మీద నాకు లేసుల డబ్బా పెట్టారు? ఏ సిస్టరొచ్చి "బాబూ, తిన్నావా" అనడిగింది?

కూకట్‌పల్లి_కుర్రోడు:
సారీ అన్నా.

ఫిరంగిపురం_పిల్ల:
అన్నయ్యా, ఇల్లు గురించి అన్నమాట తప్పే. కానీ మీ నాన్నగారి చివరిచూపు మీకు దక్కకుండా చేసింది ఆ పిల్లాడు కాదు కదా.

ప్లానో_సుబ్బారావు:
వాడని నేనన్లేదమ్మా. రూలు పాటించినోణ్ణి చూడ్డానికి ఎవడూ రాడంటున్నా. మీకు జాలేసేది రూలు తప్పినోడి మీదే.

ఫిరంగిపురం_పిల్ల:
వాళ్ళల్లో చాలామంది అసైలం (శరణు) అడిగారు, అదీ చట్టంలో ఉన్నదే. మీకు పొడుగు లైనైనా ఉంది, వాళ్ళల్లో చాలామందికి అది తప్ప ఇంకో లైనే లేదు.

ప్లానో_సుబ్బారావు:
నీకు గ్రీన్‌కార్డొచ్చిందా?

ఫిరంగిపురం_పిల్ల:
లేదు. లైన్లో నా డేట్ 2016.

ప్లానో_సుబ్బారావు:
మరి ఆ బస్సులు దిగుతుంటే నీకు మండలేదా?

ఫిరంగిపురం_పిల్ల:
మొదటి రోజు మండింది. రాత్రి ఫాదర్ గారికి ఫోన్ చేసి తిరిగొచ్చేస్తానన్నా. "పొద్దున టిఫిన్ పెట్టి వచ్చెయ్" అన్నారు. టిఫిన్‌కి నూట పది మంది దిగారు. వడ్డించేసరికి మధ్యాహ్నమైంది.

ఒంగోలు_గిత్త:
ఇంతకీ పాక్స్‌టన్ కేసు ఏమైనట్టు?