సమస్యాపూరణం: పెదవి కదలక మునుపె తా వెడలె మాట

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం:

*పెదవి కదలక మునుపె తా వెడలె మాట*

ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌లో లైవ్ నడిపేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది, బొమ్మకీ మాటకీ పొత్తు కుదరకపోవడం. మాట వెనకబడటం కాకుండా ముందుకు రావడాన్నే సమస్యగా ఇచ్చాను, ఎందుకంటే మనిషికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి దూరంగా ఉన్నవాళ్ల చప్పుడు కాస్త ఆలస్యంగా వినడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. చప్పుడు ముందొచ్చి దృశ్యం తర్వాత రావడం లోకంలో ఎక్కడా ఉండదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి బీటీ.1359 సిఫార్సు కూడా ఇదే చెబుతుంది: మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు తేడా పసిగడతాం, వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదు.

తరంగం: నా పూరణ.

*కెమెర బొమ్మను తెచ్చుట కించుకాగె*
*మైకు మాత్రము నిలువక మాట నంపె*
*వెనుకబడినట్టి దృశ్యంబు వింత గాదె*
*పెదవి కదలక మునుపె తా వెడలె మాట*

నిర్వాహకుడు: బాగుంది తరంగం గారూ. మై-మా యతి హాయిగా పడింది, రెండో పాదం చదువుతుంటేనే మైకు తొందర వినబడుతోంది. కారణం కూడా సరిగ్గా పట్టుకున్నారు: కెమెరా గానీ, దాని బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు గానీ ఒక్కో ఫ్రేమును సిద్ధం చేసి పంపడానికి సమయం తీసుకుంటాయి, మైకుకు అంత పని ఉండదు. "ఇంచుక" అన్న మాట నాకు బాగా నచ్చింది, ఈ తేడా ఎప్పుడూ ఇంచుకే, అయినా ఓర్చుకోలేం.

మధుపం: నేను నిజంగా చేసిన పొరపాటునే పద్యం చేశాను.

*దృశ్య మింకొంత యాపిన తీరు ననుచు*
*ఫిల్టరును బెట్టి చూచితిఁ బెరిగె జాగు*
*పలుకు నాపక దృశ్యంబుఁ బట్టినంత*
*పెదవి కదలక మునుపె తా వెడలె మాట*

కెమెరా మీద వీడియో డిలే ఫిల్టర్ (దృశ్యాన్ని ఆలస్యం చేసేది) పెట్టి 200 మిల్లీసెకన్లు అని కొట్టాను. మార్చిన ప్రతిసారీ ఇంకా దారుణమైంది, లైవ్ మొదలవడానికి పది నిమిషాలే ఉంది, ఆ టెన్షన్‌లో ఏది ముందు ఏది వెనుక అన్నదే తలకెక్కలేదు.

నిర్వాహకుడు: దృ-తీ యతి చక్కగా ఉంది, ఋకారానికి ఈకారం చెల్లుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు మధుపం గారూ, అందుకే పద్యం మనసుకు తగిలింది. ముందొచ్చినదాన్ని ఆపాలి, వెనకబడ్డదాన్ని కాదు. మీ విషయంలో ముందొచ్చింది మాట, కాబట్టి ఆడియో మిక్సర్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి మైకు వరుసలో సింక్ ఆఫ్‌సెట్ పెంచాలి. అక్కడ ధన సంఖ్య ఇస్తే మాట ఆలస్యమవుతుంది. మాట వెనకబడినప్పుడే వీడియో డిలేతో పని.

కొత్తపూరకుడు: తేటగీతి రాయడం ఇదే మొదలు, తప్పులుంటే చెప్పండి.

*చేతు లొకసారి చరచి యా చిత్రమందు*
*నెన్ని ఫ్రేములు సడి ముందొ యెంచి చూచి*
*యాలసింపగఁ జేసితిఁ బూర్వమందు*
*పెదవి కదలక మునుపె తా వెడలె మాట*

తరంగం: మూడో పాదంలో యతి తప్పింది. ఆకారానికి "బూ" చెల్లదు. భావం మాత్రం ముగ్గురిలోనూ మీదే ముందుంది, కొలత చెప్పింది మీరొక్కరే.

నిర్వాహకుడు: ఆ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

*యాలసింపగఁ జేసితి నంతకు మును*

ఆ-అం స్వరయతి కుదిరింది, "అంతకు మును" నాలుగో పాదంలోకి సాఫీగా దారితీస్తుంది, సర్దకముందు మాటే ముందుండేదన్న అర్థం కూడా స్పష్టమైంది.

ఇక చప్పట్ల సంగతి, ఇది అందరూ చేసి చూడాల్సింది. కెమెరా ముందు ఒక్కసారి గట్టిగా చరిచి రికార్డు చేసుకోండి, ఎడిటర్‌లో తెరిచి, అరచేతులు తాకిన ఫ్రేముకీ ధ్వని తరంగం నిటారుగా లేచిన చోటుకీ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కోటి దాదాపు 16.7 మిల్లీసెకన్లు, అంటే సడి 8 ఫ్రేములు ముందుంటే ఆఫ్‌సెట్ సుమారు 133. ఆ అంకె వేసి మళ్లీ చరిచి చూడాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో వింటూ సర్దొద్దు, దాని ఆలస్యం దానికే వేరుగా ఉంటుంది.

మధుపం: మరి మొదట్లో బాగానే ఉండి గంట తర్వాత జారిపోతే?

నిర్వాహకుడు: అది వేరే జబ్బు, ఆఫ్‌సెట్‌తో తగ్గదు. రెండు పరికరాల గడియారాలూ ఒకే వేగంతో నడవవు, లక్షకు ఒక పాలు తేడా ఉన్నా గంటకు 36 మిల్లీసెకన్లు అవుతుంది. ముందు మైకు, విండోస్, ఓబీఎస్ మూడింటిలోనూ శాంపిల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) ఒకటే, 48 కిలోహెర్ట్జ్ అనుకోండి, ఉందో లేదో చూడండి. దీని మీద పూరణ ఇంకా ఎవరూ పంపలేదు, మీ అనుభవంతో మీరే రాయండి మధుపం గారూ.